పదకొండు నిమిషాల జడ

మామిడికుదురు,
19 ఫిబ్రవరి 2025.

హరీ,

ఎప్పుడూ ఫోను చేసే దొడ్డమ్మ ఉత్తరం రాసిందేమిటని కంగారు పడకు. నోటికి తాళం పడింది, అందుకని చేతికి పని చెప్పాను.

పోయిన బుధవారం రాజమండ్రిలో నా గొంతుకి ఆపరేషన్ అయింది. లోపల చిన్న బుడిపె ఉందని తీసేసి, ఆ ముక్కని పరీక్షకి పంపారు. మార్చి పద్దెనిమిదిన మళ్ళీ చూస్తాను, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడొద్దు అన్నాడు డాక్టరు. పోనీ గుసగుసలాడవచ్చా అని పలక మీద రాసి అడిగితే, "అది మరీ చెడ్డదండి" అన్నాడు. ఇప్పుడు నాకు పలకే నోరు. మీ పెదనాన్నగారు పైకి దిగాలుగా కనిపిస్తున్నారు గానీ, పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళకి ఇల్లు ఇలా సద్దుమణగడం ఆయనకి హాయిగానే ఉందని నా అనుమానం. పలక మీద ఏం రాసి చూపించినా చదవకుండానే "ఆయ్" అని తలూపుతున్నారు.

ఇక అసలు సంగతి. మార్చి పదహారు ఆదివారం మా అమ్మవారి తీర్థం. మా బృందం జడ కోలాటం ఆడాలి. నువ్వు చిన్నప్పుడు చూశావు. స్తంభం పైనుంచి పన్నెండు రంగుల తాళ్ళు వేలాడుతుంటాయి. పన్నెండు మందిమి ఒక చేత తాడు, ఒక చేత కోల పట్టుకుని, ఆరుగురు ఇటు, ఆరుగురు అటు, ఒకరి పక్కనుంచి ఒకరు దూరి తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటుంది. ఒక చరణానికి ఒక చుట్టు. తర్వాత విప్పే చరణాలు పాడుతూ వెనక్కి తిరిగితే ఆ జడ విడిపోతుంది. జడ పూర్తిగా విడితే గాని అమ్మవారి పల్లకీ ఆ తాళ్ళ కిందనుంచి కదలదు. విప్పడమూ పాటతోనే విప్పాలి, చేత్తో లాగకూడదు. మా అత్తగారు బుచ్చమ్మగారి రోజుల నుంచీ ఇదే పద్ధతి.

ఆ పాట పాడేది నేను. ఆవిడ నాకు నేర్పారు, మిగిలినవాళ్ళు నాకు వంత. ఈసారి నేను పాడతానండి అని మా వీరాయమ్మ ముందుకొచ్చింది. దాని శ్రుతి సంగతి నీకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. దాని చోటు వంతలోనే.

నా ఫోనులో ఎప్పుడెప్పుడో పాడుకున్న ముక్కలు ఏడున్నాయి. పల్లవి ఒకటి, అల్లే చరణాలు మూడు, విప్పే చరణాలు మూడు. మన కొబ్బరికాయల వ్యాను ధర్మరాజు వాటిని పెన్‌డ్రైవులోకి ఎక్కించి పెట్టాడు. అన్నీ కలిపితే నాలుగు నిమిషాలట. తీర్థం కమిటీవాళ్ళు మాకు ఇచ్చింది పదకొండు నిమిషాలు. నీ ఇంట్లో కంప్యూటరుంది కదా. ముక్కలన్నీ అతికించి, పొడుగు చేసి, పదకొండు నిమిషాల పాట చేసిపెట్టు. రైస్‌మిల్లులో రోజుకి వంద కాటా చీటీలు కొట్టేవాడికి ఇదొక పెద్ద పనా?

ఫోనులో అక్షరాలు నొక్కడం నాకు రాదని నీకు తెలుసు. ధర్మరాజు మంగళ, శుక్రవారాల్లో మండపేట వస్తాడు. నీ జవాబు అతని చేతికివ్వు. మా కోడలు కామాక్షిని అడిగానని చెప్పు.

నోరు కట్టేసుకున్న
నీ దొడ్డమ్మ కనకమహాలక్ష్మి


మండపేట,
24 ఫిబ్రవరి 2025.

దొడ్డమ్మకి,

నీ ఉత్తరం కామాక్షి పైకి చదివింది. చదువుతున్నంతసేపూ నువ్వే వచ్చి వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఆపరేషన్ సంగతి మాకు ముందే ఎందుకు చెప్పలేదు? అమ్మకి కూడా తెలియదట. పరీక్ష కాగితం ఎప్పుడొస్తుంది?

పాట పంపుతున్నాను. మా ఇంటి కంప్యూటరు మిల్లువాళ్ళు కొత్తది కొనుక్కున్నప్పుడు నేను తెచ్చుకున్న పాతది. లోపలి ఫ్యాను గింగిరాలు తిరుగుతూ గోల చేస్తుంది గాని కంప్యూటరు పని చేస్తుంది. పొద్దున్నే మిల్లు మొదలవకముందు ఒక గంట మా వీధి నిశ్శబ్దంగా ఉంటుంది, అప్పుడు కూర్చున్నాను. నీ గొంతు తెర మీద నీలం గీతల్లా కనిపిస్తుంది. ఏడు ముక్కలూ వరసగా అతికించాను. నాలుగు నిమిషాల పైచిలుకు వచ్చింది. దాన్ని ఎన్ని నిమిషాలకి కావాలంటే అన్ని నిమిషాలకి సాగదీసే మీట ఒకటుంది. పదకొండు అని కొట్టాను, సాగింది.

మొదటి రెండు నిమిషాలు విన్నాను. నిదానంగా, గంభీరంగా ఉంది. ఇంతలో డ్యూటీకి వేళయింది. వాళ్ళకి వినిపించి ఎలా ఉందో రాయి. పెదనాన్నగారికి నమస్కారాలు.

హరిబాబు


మామిడికుదురు,
26 ఫిబ్రవరి 2025, శివరాత్రి.

హరీ,

ఈరోజు ఉపవాసంతో పాటు మౌనవ్రతం కూడా నాకు ఉచితంగా కలిసొచ్చింది. పుణ్యం రెట్టింపు పడాలి.

నీ పాట నిన్న సాయంత్రం మా వాకిట్లో వేశాం. పన్నెండు మందీ కోలలు పట్టుకుని నిలబడ్డారు. పాట మొదలవగానే వీరాయమ్మ మీ పెదనాన్నగారి వైపు తిరిగి, "బాబుగారూ, తమరెప్పుడు పాడేరండీ?" అంది. నిజంగా ఆయన గొంతే. నిద్రలో పాడినట్టుంది. కోల పైకెత్తాక దించే చోటు వచ్చేసరికి అందరికీ చేతులు తిమ్మిరెక్కాయి. నవ్వి నవ్వి కొందరు కూలబడ్డారు. నాకు నవ్వు కూడా నిషేధమే కాబట్టి లోపలికెళ్ళి గోడకి నుదురు ఆనించి నిలబడ్డాను. నువ్వు చేసిన పాట పూర్తిగా వినకుండా పంపించినందుకు నిన్ను తిట్టాలి. నోరొచ్చాక తిడతాను, బాకీ ఉంచుకో.

సాగదీయకు నాయనా. పాట నడక మారకూడదు, చరణాలు మళ్ళీ మళ్ళీ రావాలి. లెక్క రాసుకో. ముందు పల్లవి. అప్పుడు మేము నిలబడి అమ్మవారికి దండం పెట్టుకుంటాం. తర్వాత అల్లే చరణాలు ఎనిమిది, విప్పే చరణాలు ఎనిమిది. నీ దగ్గర మూడేసి ఉన్నాయి కదా, వాటినే తిప్పి తిప్పి వెయ్యి. తాళ్ళు కట్టే స్తంభం తీర్థం రోజు పొద్దున్నే పాతుతారు. అప్పటిదాకా సాధనంతా ఉత్త చేతులతోనే. అందుకని పాటే మాకు ఆధారం.

నిన్న పెదనాన్నగారు రాజమండ్రి వెళ్ళి పరీక్ష కాగితం తెచ్చారు. ఏమొచ్చిందని పలక చూపిస్తే "ఏం లేదంట" అన్నారు. చూపించండి అంటే, "ఇంగ్లీషులో ఉందే, నీకెందుకు" అని బీరువాలో పంచెల కింద పెట్టేశారు. ముప్పై ఆరేళ్ళలో ఆయన పంచెల కింద ఏదైనా దాచడం ఇదే మొదటిసారి.

నీ దొడ్డమ్మ


మండపేట,
3 మార్చి 2025.

దొడ్డమ్మకి,

కామాక్షి ఆ సాగదీసిన పాట మళ్ళీ పెట్టించుకుని విని ఒక పూటంతా నవ్వింది. సిగ్గుపడి, ఈసారి నాలుగు రోజులు శ్రద్ధగా కూర్చున్నాను.

నువ్వు చెప్పినట్టే పల్లవి, ఎనిమిది, ఎనిమిది. అతుకులు ఎక్కడా తెలియవు. ముక్కలన్నీ వేరువేరు రోజుల్లో పాడినవి కదా, ఒకదాంట్లో కోడి కూస్తోంది, ఒకదాంట్లో కుక్కరు కూత, ఇంకోదాంట్లో పెదనాన్నగారు ఎవరినో "ఆయ్, రండి" అంటున్నారు. అన్నీ తీసేశాను. ప్రతి చరణానికి ముందు నీ ఊపిరి చప్పుడు గరగరమంటూ వినిపించింది, ఒక్కొక్కటీ పట్టుకుని అవీ తీసేశాను. ఇప్పుడు పాట కడిగిన ముత్యంలా ఉంది.

ఒక్క సాయం కావాలి. నీ గొంతున్నవి ఏవైనా, పాటలే కానక్కరలేదు, మాటలైనా సరే, ఉన్నవన్నీ పంపించు. తొందరగా పంపించు. ఇప్పుడు దాచుకోకపోతే తర్వాత కావాలన్నా దొరకవు. అమ్మ కూడా అదే అంది, అక్క గొంతు ఒక చోట భద్రంగా ఉండాలని.

పెదనాన్నగారితో ఫోనులో మాట్లాడాను. అంతా చెప్పారు. నువ్వు ధైర్యంగా ఉండు.

హరిబాబు


మామిడికుదురు,
6 మార్చి 2025.

హరీ,

పాట వచ్చింది. కడిగిన ముత్యమే. ఎవరూ ఆడలేకపోయారు.

ఒక చరణం అయ్యాక నేను ఊపిరి తీసుకుంటాను. ఆ చప్పుడు విని వాళ్ళు కోలలు ఎత్తుతారు. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పి నేర్పింది కాదు, అలవాటైపోయింది. నువ్వు ఊపిరి తీసేశావు. పాట ఎప్పుడు మొదలవుతుందో తెలియక ఒకరు ముందూ ఒకరు వెనకా అయిపోయారు. కోల వెళ్ళి ఎదుటిదాని మోచేతికి తగిలింది.

అది అలా ఉంచు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. మాటలైనా సరే పంపమన్నావు. తొందరగా పంపమన్నావు. తర్వాత దొరకవన్నావు. పెదనాన్నగారు నీకు అంతా చెప్పారన్నావు, నాకేమో చెప్పలేదు. మీ అమ్మ చిన్నప్పటి నుంచీ నా వస్తువులు లాక్కున్నదే గాని, దాచింది లేదు. ఇప్పుడు నా గొంతు దాచమంటోందంటే నాకు అర్థం కాదనుకున్నారా? నేను చదివింది ఐదో తరగతే గాని మనుషుల్ని చదవడం వచ్చు.

నిన్న ఆయన పొలానికెళ్ళాక బీరువా తీసి ఆ కాగితం చూశాను. ఇంగ్లీషు. అక్షరాల మీద వేలు పెట్టి చూస్తూ కూర్చుని మళ్ళీ అక్కడే పెట్టేశాను. నాకు భయంగా ఉంది, హరీ. రాత కాబట్టి రాయగలుగుతున్నాను, నోరుంటే ఈ మాట ఎవరితోనూ అనేదాన్ని కాదు.

మా అత్తగారి పాట నాతోనే పోతుందన్నది ఒక బాధ. వీరాయమ్మకి నేర్పి ఉండాల్సింది. అహం నన్ను నేర్పనివ్వలేదు.

పాటలో ఊపిరి మళ్ళీ పెట్టు. తీర్థం అయ్యాక ఆ ఫైలు నీ కంప్యూటరులోంచి చెరిపెయ్యి. నేను లేని ఇంట్లో నా గొంతు వినిపిస్తే మీ పెదనాన్నగారు "ఆయ్, ఆయ్" అంటూ దాని ముందే కూర్చుంటారు, అన్నానికి లేవరు. ఆయన్ని అలా చెయ్యకు.

దొడ్డమ్మ


మండపేట,
7 మార్చి 2025, మిల్లు కాటా గది నుంచి.

దొడ్డమ్మా,

ధర్మరాజుని పట్టుకుని కూర్చోబెట్టి రాస్తున్నాను. మిగతాదంతా తర్వాత, ముందు ఇది చదువు. నీకు క్యాన్సర్ లేదు. లేదు. లేదు.

నీ ఉత్తరం చదివిన వెంటనే పెదనాన్నగారికి ఫోను చేశాను. మొన్న ఆయన నాకు చెప్పిన "అంతా" ఏమిటో తెలుసా? "ఏం లేదంట." ఆ రెండు ముక్కలే. నేను ఆయన మాట నమ్మేసి, నీకు అలా రాశాను. ఈసారి వదల్లేదు. బీరువా తీయించాను. కాగితం పట్టుకుని ఒక్కొక్క అక్షరం చదవమన్నాను. ఆయన కళ్ళజోడు వెతుక్కుని, బడిలో పిల్లాడిలా, బి, ఈ, ఎన్, ఐ అంటూ చదివారు, నేను కాటా చీటీ వెనక రాసుకున్నాను. అక్షరం సరిగా వినిపించకపోతే మళ్ళీ చెప్పించాను. ఇరవై నిమిషాలు పట్టింది. బయట రెండు వడ్ల లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆ చీటీ ఈ ఉత్తరానికి గుండుసూదితో గుచ్చాను. పక్కన తెలుగులో అర్థం రాశాను: ఇది చెడ్డ గడ్డ కాదు, గొంతు ఎక్కువ వాడితే వచ్చే బుడిపె, పూర్తిగా తీసేశారు. మా ఊళ్ళో డాక్టరుకి కూడా ఫోనులో చదివి వినిపించాను, ఆయనా అదే అన్నారు.

నీ పాత రికార్డింగులు అడిగిందెందుకో చెప్పకపోవడం నా తప్పు. నీ ఫోను నిండిపోయిందని, అన్నీ చెరిపించి మళ్ళీ వాడుకునేలా చెయ్యడానికి దుకాణంలో ఇవ్వబోతున్నావని ధర్మరాజు చెప్పాడు. చెరిపేస్తే పోతాయి కదా అని తొందరపెట్టాను. అతుకుల మధ్య ఖాళీల్లో నింపడానికి మీ వాకిలి చప్పుడు కావాలి, అందుకని మాటలైనా సరే అన్నాను. అమ్మ అన్నది కూడా ఫోను సంగతే.

దొడ్డమ్మా, ఇన్ని రోజులూ నువ్వు ఒక్కదానివే ఇదంతా మోస్తున్నావని మాకు తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. కాటా మీద లారీ ఉన్నా పట్టించుకోలేదు.

హరిబాబు


మండపేట,
10 మార్చి 2025.

దొడ్డమ్మకి,

పాట మళ్ళీ చేశాను. తీసేసిన ఊపిరులన్నీ పాత ముక్కల్లోంచి వెతికి తెచ్చి ఎక్కడివక్కడ పెట్టాను. పదహారు చరణాల ముందు పదహారు. ఒకచోట కోడికూత కూడా వెనక్కొచ్చింది, ఉండనిచ్చాను.

ఇంకొకటి. పల్లవి, పదహారు చరణాలు కలిపినా పది నిమిషాల చిల్లరే వచ్చింది. పదకొండు ఇచ్చారన్నావు కదా, ఆ మిగతా నలభై సెకన్లు ఎందుకు వదులుకోవాలని పల్లవిని మొదట్లో రెండుసార్లు, మధ్యలో ఒక ఊపిరి పెట్టి, వేశాను. ఇప్పుడు సరిగ్గా పదకొండు నిమిషాలు.

తీర్థానికి నేను రాలేను. కాటా చూసే రెండో మనిషి సెలవులో ఉన్నాడు. పాట రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాను, ఒకటి మొరాయిస్తే ఇంకోటుంటుంది. నువ్వు మాత్రం నోరు తెరవకు.

హరిబాబు


మామిడికుదురు,
13 మార్చి 2025.

హరీ,

నీ చీటీ దేవుడి పటం వెనక పెట్టాను. ముందువైపు ఎవరివో ఇరవై ఒక్క బస్తాల వడ్లు, వెనకవైపు నా ప్రాణం.

శుక్రవారం సాయంత్రం ధర్మరాజు ఉత్తరం ఇచ్చి, కదలకుండా నిలబడ్డాడు. "హరిబాబుగారు మీరు చదివేదాకా ఉండమన్నారండి" అన్నాడు. చదివాను. తర్వాత చాపేసుకుని పడుకుని హాయిగా నిద్రపోయాను. పది రోజుల నిద్ర అది. లేచి వంకాయ కూరతో రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను. మింగితే గొంతు నొప్పి కూడా లేదు. ఆ నొప్పిలో సగం నేను పెట్టుకున్నదేనేమో.

తర్వాత పలక తీసి మీ పెదనాన్నగారి పని పట్టాను. రెండు వైపులా రాశాను. ఈసారి "ఆయ్" అనకుండా మొత్తం చదివారు. "ఏం లేదని వాళ్ళు నోటితో చెప్పేరు. కాగితంలో నాకు తెలీని మాట ఇంకేదైనా ఉందేమో, నువ్వడిగితే ఏం చెప్పను? అందుకే దాచేను" అన్నారు. ఆయనా ఆ పది రోజులు నిద్రపోలేదట. ఒకే గదిలో ఇద్దరం కళ్ళు మూసుకుని, ఒకరికొకరం నిద్ర నటించాం. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ చప్పుడు లేకుండానే.

ఇక పాట. నిన్న వేశాం. మొదటి ఊపిరి వినపడగానే పన్నెండు కోలలూ ఒక్కసారి లేచాయి. అంతే, ఇంకేం రాయను. పదకొండు నిమిషాలూ ఒక్క కోల తడబడలేదు. కోడికూత దగ్గర వీరాయమ్మ మురిసిపోయింది, అది వాళ్ళ కోడేనట.

నీ దొడ్డమ్మ


మామిడికుదురు,
17 మార్చి 2025.

హరీ,

తీర్థం అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో కంగారు పడకు.

పొద్దున్నే స్తంభం పాతి తాళ్ళు కట్టారు. సాయంత్రం నాలుగింటికి మా వంతు. అమ్మవారి పల్లకీ తెచ్చి తాళ్ళకి పది గజాల ఇవతల ఆపారు. నా చోట్లో కొత్తగా పాపాయమ్మ నిలబడింది. నేను పక్కన, మైకుసెట్టు శామ్యూల్ కుర్చీ దగ్గర. పాట వేశాడు. నా గొంతు నాలుగు మైకుల్లోంచి ఊరంతా వినిపిస్తుంటే నేను నోరు మూసుకుని వింటూ నిలబడ్డాను. చిత్రంగా ఉంది. గర్వంగా కూడా ఉంది, దాచడమెందుకు.

జడ బ్రహ్మాండంగా అల్లుకుంది. విప్పే చరణాలు మొదలయ్యాయి. ఏడు. ఎనిమిది. పాట ఆగింది. పైకి చూస్తే జడ పూర్తిగా విడలేదు. ఇంకా ఒక చుట్టు మిగిలింది.

పన్నెండు మందీ తాళ్ళు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. జనం గోల ఆగిపోయింది. బోయీలు పల్లకీ భుజాలు మార్చుకున్నారు. శామ్యూల్ కంగారుగా మళ్ళీ నొక్కితే పాట మొదటి నుంచి, పల్లవి దగ్గర అందుకుంది. అల్లే పాట. "ఆపండి, ఆపండి" అని అందరూ అరిచారు. "మధ్యలోకి తోస్తే ఎక్కడ పడతాదో తెలీదండి" అన్నాడు అతను పాట ఆపేసి, చెమటలు కక్కుతూ. కమిటీ ధర్మకర్త నిచ్చెన తెమ్మన్నాడు. చేత్తో విప్పడానికి. మా అత్తగారి రోజుల నుంచి ఒక్కసారి కూడా జరగని పని.

పన్నెండు మందీ నా వైపు చూశారు. హరీ, రెండే రెండు రోజులు తక్కువ. డాక్టరు మాట గుర్తుంది, నీ మాటా గుర్తుంది. అయినా నోరు తెరుచుకుంది. పాడేద్దామని ఊపిరి తీసుకున్నాను.

ఆ నిశ్శబ్దంలో ఆ ఊపిరి అందరికీ వినిపించింది. పన్నెండు కోలలూ లేచాయి. కోలలు లేచాక ఇంక ఆగరు కదా. నా గొంతులోంచి మాట రాకముందే వీరాయమ్మ అందుకుంది. "చిక్కు విప్పుదాం రావమ్మా, తల్లి జడ విప్పుదాం రావమ్మా" అని, ఆ శ్రుతి లేని గొంతుతోనే, ఊరు దద్దరిల్లేలా. దాని వెనక పాపాయమ్మ, దాని వెనక అందరూ. చరణం ఒక్క అక్షరం తప్పు పోలేదు. నేను ఎవరికీ నేర్పలేదు. ఇరవై ఏళ్ళు వంత పాడుతూ వాళ్ళే నేర్చుకున్నారు.

జడ విడిపోయింది. తాళ్ళు పన్నెండూ పక్కకి జరిగాయి, పల్లకీ కిందనుంచి వెళ్ళింది. నేను నోరు మూసుకున్నాను. ఒక్క మాట కూడా వాడలేదని రేపు డాక్టరుకి ధైర్యంగా పలక చూపిస్తాను.

పాట నాతో పోదు, హరీ. నిన్నటి నుంచి నాకు గుండెల మీద బరువు దిగినట్టుంది.

చుట్టు ఎలా తగ్గిందో మాత్రం అర్థం కాలేదు. ఎనిమిదే విన్నాను, వేళ్ళ మీద లెక్కపెట్టాను.

నీ దొడ్డమ్మ


మండపేట,
20 మార్చి 2025.

దొడ్డమ్మకి,

చుట్టు తగ్గలేదు, అల్లడంలో ఒకటి పెరిగింది. నా వల్లే.

పల్లవి ఒకసారి వింటూ దండం పెట్టుకుంటామని నువ్వు రాశావు. నేను నిమిషాలు నింపాలని రెండోసారి వేశాను. దండం అయిపోయాక నీ ఊపిరి వినపడితే వాళ్ళ కాళ్ళు ఊరుకుంటాయా? ఆ రెండో పల్లవికి ఒక చుట్టు తిరిగేశారు. తొమ్మిది అల్లారు, ఎనిమిది విప్పారు. సాధనలో తాళ్ళు లేవు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇది ఉత్తరంలో నేనే గొప్పగా రాసుకున్నాను కూడా. కామాక్షి నీ ఉత్తరం చదివి, కుర్చీ చుట్టూ చీర కొంగు చుట్టి తిప్పి, నాకు లెక్క చూపించింది.

నిచ్చెన ఎక్కి విప్పి ఉంటే ఆ మచ్చ నాది అయ్యేది. వీరాయమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

తీర్థం అయ్యాక ఫైలు చెరిపెయ్యమన్నావు. ఇంకా చెరపలేదు. నువ్వు మళ్ళీ చెప్తే చెరిపేస్తాను. డాక్టరు ఏమన్నాడో ముందు రాయి. ధర్మరాజు రావడం ఆలస్యమైతే అతనిచేత ఫోను చేయించు.

హరిబాబు


మామిడికుదురు,
23 మార్చి 2025.

హరీ,

మంగళవారం డాక్టరు గొట్టం పెట్టి చూశాడు. మానిపోయిందన్నాడు. "ఇప్పుడేదైనా ఒక మాట అనండి, చిన్నదే" అన్నాడు. ముప్పై నాలుగు రోజుల తర్వాత మొదటి మాట. అమ్మవారి పేరు అనుకుంటానని దారి పొడుగునా అనుకున్నాను. ఇంతలో గుమ్మం దగ్గర నిలబడ్డ మీ పెదనాన్నగారు ఉండబట్టలేక, "బాగుందా?" అన్నారు.

"ఆయ్" అన్నాను.

బొంగురుగా వచ్చింది గాని నా గొంతే. ఆయన ఆ గుమ్మంలోనే తలపాగా తీసి ముఖం తుడుచుకున్నారు. ఇన్నేళ్ళూ ఆ మాట ఆయనది, ఆ పూట నాదయింది.

రోజుకి ఐదు నిమిషాలు మెల్లగా మాట్లాడవచ్చట. పాట మాత్రం రెండు నెలలు ఆగాలి. తర్వాత పాడతానా అంటే, పాడతారు, పూర్వంలా గొంతు చించుకోవద్దు అన్నాడు. ఆ ఐదు నిమిషాల్లో నాలుగు వీరాయమ్మకి ఇస్తున్నాను. పాట మాటలు మామూలుగా చెప్తాను, అది పాడుతుంది. శ్రుతి ఇంకా అంతే. అయినా వింటున్నాను. మిగిలిన ఒక నిమిషం మీ పెదనాన్నగారికి. నిన్ను తిట్టవలసిన బాకీ మటుకు రద్దు చేశాను. రెండో పల్లవి లేకపోతే వాళ్ళు పాడేవాళ్ళు కాదు, నాకు తెలిసేది కాదు.

ఫైలు చెరపకు. ఆ మాట భయంలో రాసింది.

ఇంకో పెన్‌డ్రైవు పంపుతున్నాను. తీర్థంలో ఆ చివరి చుట్టు ధర్మరాజు తన ఫోనులో పట్టాడు. జనం గోల ఉంది, నిచ్చెన ఈడ్చిన చప్పుడుంది, వీరాయమ్మ గొంతు బద్దలు కొట్టుకుంటోంది. రెండో పల్లవి తీసెయ్యకు, అలాగే ఉంచు. ఈ చుట్టుని పాట చివర అతికించు. అల్లినవి తొమ్మిది, విప్పినవి తొమ్మిది అవుతాయి. పదకొండు నిమిషాలు దాటితే దాటనీ.

అతుకు తెలియకుండా చెయ్యాలని చూడకు. నా గొంతు ఎక్కడ ఆగిందో, వాళ్ళ గొంతు ఎక్కడ మొదలైందో వినేవాళ్ళకి తెలియాలి. ఆ రెండింటికీ మధ్య నేను ఊపిరి తీసుకున్న చప్పుడు ఉంటుంది. అది మాత్రం తీసెయ్యకు.

నీ దొడ్డమ్మ
కనకమహాలక్ష్మి